వదిలితేనే ఒడ్డు

సముద్రం మీద పెద్ద రెక్కను ఎగరేసి, దాని లాగుడుతో నీటి మీద పరుగులు తీసే ఆట కైట్‌బోర్డింగ్. చూసేవాళ్లకు గాల్లోకి లేచే గెంతులే కనిపిస్తాయి. ఆడేవాళ్లకు అసలు పరీక్ష ఆట ముగిశాక ఇసుక మీద ఎదురవుతుంది. పట్టుకోవడానికి పక్కన మనిషి లేనప్పుడు ఆ రెక్కను క్షేమంగా దించుకోవడం ఎలా?

గాలి ఆగదు, ఆట ఆపాలి

రామేశ్వరంలో రామనాథస్వామి దర్శనం చేసుకున్న తెలుగు యాత్రికులు చాలామంది ఆ తర్వాత ధనుష్కోడి బాట పడతారు. ఇసుక మధ్య సన్నగా సాగే రోడ్డు అది. ఒక పక్క పాక్ అఖాతం, ఇంకో పక్క మన్నార్ సింధుశాఖ. 1964 డిసెంబరు తుపానుకు కొట్టుకుపోయిన ఊరి మొండిగోడలు చూసి, సముద్రం అంచున ఫొటోలు దిగి వెనుదిరుగుతారు. గాలి కాలంలో వెళ్లినవాళ్లకు ఆ దీవిలో మరో దృశ్యం కూడా ఎదురవుతుంది. లోతులేని నీళ్ల మీద రంగురంగుల రెక్కలు తిరుగుతుంటాయి. ఒక్కో రెక్కకు దాదాపు పాతిక మీటర్ల దూరంలో, కాళ్లకు బోర్డు తగిలించుకున్న మనిషి. గాలి రెక్కను లాగుతుంది, రెక్క మనిషిని లాగుతుంది, మనిషి నీటిని కోసుకుంటూ పోతాడు.

వేసవిలో నైరుతి గాలి, చలికాలంలో ఈశాన్య గాలి నిలకడగా వీచే పాంబన్ దీవి మన దేశంలో ఈ ఆటకు పేరున్న చోటు. సముద్రం అవతల శ్రీలంకలో కల్పిటియ, స్పెయిన్ దక్షిణ కొసన తరీఫా, బ్రెజిల్‌లో కుంబుకో, దక్షిణాఫ్రికాలో టేబుల్ మౌంటెన్‌కు ఎదురుగా ఉన్న బ్లూబర్గ్ తీరం ఈ ఆట తెలిసినవాళ్లందరికీ పరిచయమే. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో సెయిలింగ్ పోటీలు జరిగిన మార్సెయ్ తీరంలో ఇది తొలిసారి పతకాల ఆట అయింది. మహిళల్లో బ్రిటన్‌కు చెందిన ఎలీ ఆల్డ్రిడ్జ్, పురుషుల్లో ఆస్ట్రియాకు చెందిన వాలెంటిన్ బోంటస్ స్వర్ణాలు గెలిచారు.

ఏ తీరంలోనైనా ఎప్పుడో ఒకప్పుడు వచ్చే సాయంత్రం ఒకటుంది. నీళ్లలో ఉన్నవాళ్లంతా ఒక్కొక్కరే ఒడ్డెక్కి సామాను సర్దుకుని వెళ్లిపోతారు. చివర్లో ఒక్కరే మిగులుతారు. ఎగరేసేటప్పుడు కైట్‌ను పట్టుకుని నిలబడిన స్నేహితుడు ఇప్పుడు లేడు. చేతులు అలిసిపోయాయి, వెలుతురు తగ్గుతోంది, గాలి మాత్రం తగ్గడం లేదు. క్రికెట్‌లో బంతిని పక్కన పెడితే ఆట ఆగిపోతుంది. ఈతలో ఒడ్డెక్కితే ఆగిపోతుంది. ఇక్కడ ఆటగాడు ఒడ్డెక్కినా ఆట ఆగదు. కైట్‌కూ గాలికీ మధ్య తెగాల్సిన లంకె ఇంకా తెగలేదు. దాన్ని ఎలా తెంచాలో ముందే తెలిసి ఉండాలి. తెలియనివాళ్లు ఒంటరిగా నీళ్లలోకి దిగకూడదు.

పైనున్న బలం ఎంత?

దించడం ఎందుకు కష్టమో అర్థం కావాలంటే పైన ఏముందో తెలియాలి. ఎక్కువమంది వాడే కైట్‌కు ముందు అంచున గాలి నింపిన లావుపాటి గొట్టం ఉంటుంది. దాన్ని లీడింగ్ ఎడ్జ్ అంటారు. దానికి అడ్డంగా మరికొన్ని సన్న గొట్టాలు, వాటి మీద బిగువైన గుడ్డ. గాలి వేగాన్నీ మనిషి బరువునూ బట్టి 5 నుంచి 17 చదరపు మీటర్ల దాకా సైజు ఎంచుకుంటారు. రెండు మిల్లీమీటర్ల మందం కూడా లేని నాలుగైదు లైన్లు దాన్ని చేతిలోని బార్‌కు కలుపుతాయి. బార్ మధ్య నుంచి వచ్చే చికెన్ లూప్ అనే ఉంగరం నడుముకు కట్టుకున్న హార్నెస్ కొక్కేనికి తగులుతుంది. కాబట్టి లాగుడంతా చేతుల మీద కాదు, నడుము మీద పడుతుంది.

ఇప్పుడు కొంచెం లెక్క. గాలి బలం దాని వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 20 నాట్ల గాలి, అంటే గంటకు 37 కిలోమీటర్లు, చదరపు మీటరుకు సుమారు ఆరున్నర కిలోల బరువంత ఒత్తిడి పెడుతుంది. 12 చదరపు మీటర్ల కైట్ ఆ గాలికి పూర్తిగా ఎదురు నిలిస్తే ఉజ్జాయింపుగా 78 కిలోల లాగుడు. ఒక మనిషి బరువంత. అదే గాలి ఒక్క విసురులో 30 నాట్లకు పెరిగితే సుమారు 175 కిలోలవుతుంది. వేగం ఒకటిన్నర రెట్లయితే బలం రెండుంపావు రెట్లు. ఇదంతా కైట్ కదలకుండా ఉన్నప్పటి మాట. అది ఆకాశంలో అడ్డంగా దూసుకుపోతుంటే దానికి తగిలే గాలి వేగం ఇంకా పెరుగుతుంది. తగిలే వేగం రెట్టింపయితే లాగుడు నాలుగు రెట్లు. మనుషులు ఇసుక మీద ఈడ్చుకుపోవడం, గాల్లోకి లేచి గోడల మీదో చెట్ల మీదో పడటం ఈ లెక్కలోంచే వస్తాయి. నీటి మీద పడితే నీరు కొంత ఓర్చుకుంటుంది. నేల ఓర్చుకోదు. అందుకే ఈ ఆటలో ఎగరేసే నిమిషం, దించే నిమిషం అన్నిటికన్నా ప్రమాదకరమైనవి. రెండూ నేల మీదే జరుగుతాయి.

గాలి కిటికీ

గాలికి వీపు పెట్టి నిలబడితే మీ ముందు పావు గోళమంత ఆకాశం ఉంటుంది. కైట్ ఆ మేరలోనే ఎగరగలదు. ఆటగాళ్లు దీన్ని విండ్ విండో అంటారు, గడియారం ముల్లుతో గుర్తులు చెప్పుకుంటారు. సరిగ్గా నెత్తిమీద 12 గంటలు. ఎడమ అంచు 9, కుడి అంచు 3. నడుమ భాగంలో, మీకు సూటిగా ఎదురుగా, కిందుగా ఉన్నచోట లాగుడు అత్యధికం. అంచులకు చేరేకొద్దీ గాలి రెక్క పక్కల నుంచి జారిపోయి లాగుడు తగ్గుతుంది.

దించడమంటే కైట్‌ను అంచుకు తెచ్చి, అక్కడి నుంచి నేలకు చేర్చడం. సూత్రం ఇంతే. కొత్తవాళ్లు తరచూ పొరబడే చోటు మాత్రం ఒకటుంది. నెత్తిమీద 12 గంటల దగ్గర కైట్ ప్రశాంతంగా నిలబడుతుంది కాబట్టి అదే భద్రమైన చోటనుకుంటారు. నీళ్లలో కాసేపు అలా ఉంచినా నష్టం లేదు. ఇసుక మీద నిలబడి నెత్తిమీద కైట్ పెట్టుకుంటే, ఒక్క గాలి విసురుకు లాగుడు నేరుగా పైకే వస్తుంది, కాళ్లు నేల విడుస్తాయి. తీరానికి చేరాక కైట్‌ను కిందుగా, అంచు దగ్గరే ఉంచమని మంచి శిక్షకులు పదే పదే చెప్పేది ఇందుకే. కిందుగా ఉన్న కైట్ లాగితే పక్కకు లాగుతుంది, పడినా తక్కువ ఎత్తునుంచే పడతారు.

మన సంక్రాంతి గాలిపటంతో పోల్చి చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. పతంగి దారం బిగిస్తే ఎగబాకుతుంది, ఢీల్ ఇస్తే నిదానిస్తుంది. ఇక్కడ బార్‌ది కూడా అదే గుణం. బార్‌ను ఒంటి వైపు లాగితే వెనక లైన్లు బిగిసి లాగుడు పెరుగుతుంది. వదిలితే బార్ పైకి జారి లాగుడు తగ్గుతుంది. తేడా ఎక్కడంటే, మేడమీద పతంగి పట్టుకున్న పిల్లాడు భయపడితే దారం వదిలేస్తాడు. కైట్‌కు కొక్కెంతో కట్టుబడిన మనిషి భయపడితే చేతిలో ఉన్నదాన్ని గట్టిగా పట్టుకుని ఒంటికి లాక్కుంటాడు. పడిపోతున్నప్పుడు ఏదో ఒకటి పట్టుకోవడం మనిషి స్వభావం. ఈ ఆటలో ఆ స్వభావమే ప్రాణం మీదికి తెస్తుంది. ఇక్కడి భద్రత అంతా భయం వేసిన క్షణంలో చెయ్యి తెరవడంలోనే ఉంది.

విడిపించుకోవడం నేర్చుకున్న చరిత్ర

గాలిపటంతో బండ్లనూ పడవలనూ లాగించాలన్న ఆలోచన పాతదే. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో జార్జ్ పోకాక్ అనే బడి పంతులు గాలిపటాలు లాగే బండి తయారుచేసి 1826లో పేటెంట్ తీసుకున్నాడు. 1903లో శామ్యూల్ కోడీ గాలిపటం లాగిన పడవలో ఇంగ్లిష్ ఛానల్ దాటాడు. నేటి ఆటకు దారి తీసింది మాత్రం ఫ్రాన్స్‌లోని బ్రిటనీ తీరానికి చెందిన అన్నదమ్ములు బ్రూనో, డొమినిక్ లెగెన్యూ. నీళ్లలో పడ్డ గాలిపటం తడిసి మునిగిపోతే మళ్లీ లేవదు. దాని అంచుకు గాలి నింపిన గొట్టం పెడితే తేలుతుంది, మళ్లీ ఎగురుతుంది. ఈ ఆలోచనకు 1984 నవంబరులో వాళ్లు పేటెంటు దరఖాస్తు చేశారు. 1990ల చివర్లో హవాయి దీవుల్లోని మావీ తీరంలో ఆట ఊపందుకుంది.

అలా ఎగరేసే కిటుకు ముందు దొరికింది. విడిపించుకునే కిటుకు తీరిగ్గా వచ్చింది. తొలినాటి రెండు లైన్ల కైట్లలో గాల్లో ఉండగా లాగుడు తగ్గించుకునే వీలు దాదాపు లేదు. ప్రమాదాల తర్వాత ఒక్కో మార్పూ జరిగింది. నాలుగు లైన్లు వచ్చి, బార్ వదిలితే లాగుడు తగ్గే ఏర్పాటు కుదిరింది. చికెన్ లూప్‌కు చేత్తో నెడితే విడిపోయే క్విక్ రిలీజ్ వచ్చింది. 2005 ప్రాంతంలో బ్రూనో లెగెన్యూ రూపొందించిన బో కైట్లు మార్కెట్లోకి వచ్చాయి. బార్‌ను పైకి వదిలితే చాలు, లాగుడు దాదాపు మొత్తం పోవడం వాటి గొప్ప. ఆ తర్వాత రిలీజ్ నొక్కితే కైట్ ఒకే ఒక్క ముందు లైన్ మీద వేలాడి జెండాలా రెపరెపలాడే పద్ధతి స్థిరపడింది. దాన్ని ఫ్లాగ్ అవుట్ అంటున్నారు. రిలీజ్‌లు ఎలా ఉండాలో, వాటిని ఎలా పరీక్షించాలో చెబుతూ 2020లో ఐఎస్ఓ 21853 అనే అంతర్జాతీయ ప్రమాణం కూడా వెలువడింది.

తోడు లేకుండా కైట్‌ను దించే నేటి పద్ధతికి ఆధారం ఈ ఏర్పాటే. దీన్ని ప్రమాద సమయానికి దాచుకునే మీటగా చూడకూడదు. ఒంటరిగా ఉన్నప్పుడు మామూలుగా దిగడానికి కూడా ఇదే దారి.

ముందు తోడు, తర్వాతే ఒంటరి

అన్నిటికన్నా మేలైన పద్ధతి ఇంకో మనిషి సాయమే. ఇందులో మొహమాటానికి తావు లేదు. ఎంతటి నిపుణులైనా మనిషి ఉంటే ఒంటరిగా దించరు. ఒడ్డుకు వస్తూ అరచేత్తో నెత్తిమీద తట్టుకుంటే, కైట్ దించడానికి సాయం కావాలని అర్థం. ఏ దేశపు తీరంలోనైనా ఈ సైగ చెల్లుతుంది. సాయం చేసే మనిషి బొటనవేలు చూపించాక, కైట్‌ను నెమ్మదిగా అంచు వెంబడి కిందికి తెస్తారు. ఆ మనిషి లీడింగ్ ఎడ్జ్ మధ్యలో గట్టిగా పట్టుకుంటాడు. ఆటగాడు అతని వైపు నాలుగడుగులు వేస్తే లైన్లు వదులవుతాయి. కైట్‌ను బోర్లించి, మీద ఇసుక పోస్తే పని పూర్తి.

ఒంటరి ల్యాండింగ్‌ను నైపుణ్య ప్రదర్శనగా భావించేవాళ్లు కొందరున్నారు. అలా భావించడం ఆటకు చేటు. చుట్టూ మనుషులుండగా ఒంటరిగా దించడంలో నేర్పు ఏమీ లేదు, అనవసరమైన ముప్పు మాత్రం ఉంది. మనుషుల్లేని చోట, సాయం చేసే మనిషికి పని తెలియని చోట, గాలి హఠాత్తుగా పెరిగి ఎదురుచూసే వ్యవధి లేని చోట అదే అసలైన నేర్పు.

ఎగరేయక ముందే దించాలి

ఒంటరిగా దిగడం ఒడ్డెక్కాక మొదలయ్యే పని కాదు. కైట్‌కు గాలి కొట్టేటప్పుడే మొదలవుతుంది. ఎక్కడ దించుతారో ముందే చూసుకోవాలి. గాలి ఎటు పోతుందో అటువైపు, అంటే గాలివాలున, కనీసం రెండు లైన్ల దూరం ఖాళీగా ఉండాలి. 24 మీటర్ల లైన్లయితే దాదాపు 50 మీటర్లు. ఆ మేరలో రాళ్లు, పడవలు, కంచెలు, కరెంటు తీగలు, మనుషులు ఉండకూడదు. వెనక, అంటే గాలి వచ్చేవైపు, ఇళ్లో సరుగుడు తోపో ఉంటే గాలి వాటిని దాటుతూ సుడులు తిరిగి వస్తుంది. అలాంటి గాలిలో కైట్ ఉన్నట్టుండి జారిపడుతుంది, ఉన్నట్టుండి లాగుతుంది. అక్కడ దించాలని చూడకూడదు.

గాలి దిశ కూడా ముందే తేల్చుకోవాలి. తీరం వెంబడి పక్కగా వీచే గాలి అన్నిటికన్నా అనువైనది. సముద్రం మీంచి సూటిగా ఒడ్డుకు కొట్టే గాలి అయితే, ఏ పొరపాటు జరిగినా నేలమీదికే ఈడ్చుకొస్తుంది. నేల మీంచి సముద్రంలోకి పోయే గాలి మనిషిని లోపలికి తీసుకుపోతుంది. రక్షణ పడవ సిద్ధంగా లేకుండా ఆ గాలికి దిగకూడదు.

రిలీజ్‌ను ప్రతిసారీ ఎగరేయక ముందు ఒకసారి నొక్కి చూడాలి. ఇసుక రేణువులు, ఎండిన ఉప్పు దాన్ని బిగదీస్తాయి. మంచినీళ్లతో కడగాలి. విడిపోయాక తిరిగి ఎలా అమర్చాలో కళ్లు మూసుకున్నా చెయ్యి చేసేలా ఉండాలి. నడుము నుంచి ఫ్లాగ్ లైన్‌కు వెళ్లే చిన్న తాడును సేఫ్టీ లీష్ అంటారు. రిలీజ్ నొక్కాక కైట్‌కూ మనిషికీ మధ్య మిగిలేది అదొక్కటే. అది సరైన ఉంగరానికే తగిలించి ఉందో లేదో చూసుకోవాలి. పొరపాటున వేరేచోట తగిలిస్తే, రిలీజ్ నొక్కినా కైట్ నిస్సత్తువ కాదు, లాగుతూనే ఉంటుంది.

ఒంటరిగా దించే క్రమం

ఈ క్రమం గాలి నింపే మామూలు కైట్లకు వర్తిస్తుంది. గొట్టాల్లేని ఫాయిల్ కైట్లను దించే తీరు వేరు, వాటికి తయారీదారు ఇచ్చిన సూచనల్నే పాటించాలి. ఇది చదివి నేరుగా తీరంలో ప్రయత్నించకండి. శిక్షకుడి పక్కన, తేలికపాటి గాలిలో, నడుము లోతు నీళ్లలో ముందుగా చేసి చూడాలి.

1. *బోర్డు వదలండి, నిలబడండి.* మోకాలి లోతు నీళ్లలోనో ఖాళీ ఇసుక మీదో కాళ్లు కాస్త ఎడంగా పెట్టి నిలబడాలి. బోర్డు కాళ్లకు అడ్డం రాని చోట ఉండాలి.

2. *లాగుడు తగ్గించండి.* బార్ పైనున్న డీపవర్ పట్టీని చివరిదాకా లాగాలి. దాంతో ముందు లైన్లు పొట్టివై, కైట్ లాగుడు తగ్గుతుంది. ఒక విసురు వచ్చినా తట్టుకునే వ్యవధి దొరుకుతుంది.

3. *అంచుకు తెండి.* కైట్‌ను నెత్తిమీది నుంచి మెల్లగా పక్కకు, కిందికి దించాలి. తొందరపడితే అది నడుమ భాగంలోకి దూకి లాగేస్తుంది. అంచు దగ్గర, నేలకు కాస్త ఎత్తున నిలపాలి.

4. *ఒకసారి చూడండి.* గాలివాలున ఎవరైనా వచ్చారా? లీష్ సరిగ్గా ఉందా? కాళ్ల చుట్టూ లైన్ ఏదైనా ఉందా? మూడింటికీ జవాబు తేలాకే ముందుకు.

5. *రిలీజ్ నొక్కండి, బార్ వదలండి.* చాలా రకాల్లో రిలీజ్‌ను ఒంటి నుంచి అవతలికి నెట్టాలి. ఒకేసారి, గట్టిగా, సంకోచం లేకుండా. బార్ లైన్ల వెంబడి పైకి జారిపోతుంది. పోనివ్వాలి. మళ్లీ అందుకోబోతే వెనక లైన్లు బిగిసి కైట్ తిరిగి లేవొచ్చు. కైట్ ఒక్క లైన్ మీద ముడుచుకుని గాలివాలున నేలకు జారుతుంది.

6. *కైట్ దగ్గరికి మీరు వెళ్లండి.* కైట్‌ను మీవైపు లాక్కోకండి. బిగువుగా ఉన్న ఆ ఒక్క ఫ్లాగ్ లైన్‌నే పట్టుకుని, చెయ్యి మార్చి చెయ్యి వేస్తూ నడవాలి. లైన్‌ను అరచేతికీ వేళ్లకూ మణికట్టుకూ చుట్టుకోకూడదు. అంత సన్నటి దారం బిగిస్తే వేలు తెగుతుంది. మిగతా లైన్లు వదులుగా వెనక పడి ఉండాలి. వాటి మధ్యలో అడుగు పెట్టకూడదు. కైట్ చేతికి చిక్కేదాకా లీష్ తియ్యకూడదు.

7. *పట్టుకోండి, బోర్లించండి.* లీడింగ్ ఎడ్జ్ పట్టుకుని కైట్‌ను తిప్పాలి. ముందు గొట్టం గాలికి ఎదురుగా, లోపలి వంపు నేల వైపు ఉండేలా పెడితే గాలి దాన్ని ఎత్తడం మాని నేలకు అదుముతుంది. వెంటనే గుడ్డ మీద ఇసుక పొయ్యాలి. ఆ తర్వాతే లీష్ విప్పి, గొట్టంలోని గాలి తియ్యాలి.

మళ్లీ ఎగరేయాలంటే లైన్లన్నీ మొదటినుంచి పరిచి, చిక్కులు తీసి, రిలీజ్ తిరిగి అమర్చాలి. కొంత సమయం పడుతుంది. ఆ శ్రమకు బద్ధకించి వేరే దారులు వెతికినవాళ్లే ఎక్కువగా దెబ్బలు తింటారు.

ఆ వేరే దారులు

తీరాల్లో ఇంకొన్ని పద్ధతులు కనిపిస్తాయి. ఒకటి, ఇసుకలో దిగ్గొట్టిన మేకుకో బరువైన సంచికో చికెన్ లూప్‌ను తగిలించి, కైట్‌ను అంచున నేలకు ఆనించి, నడిచివెళ్లి పట్టుకోవడం. తేలికపాటి నిలకడైన గాలిలో, గట్టి ఆధారం ఉన్నచోట అనుభవజ్ఞులు దీన్ని చేస్తారు. దీని చిక్కు ఏమిటంటే, నడిచివెళ్లే ఆ కాసేపు కైట్‌ను నడిపే చెయ్యి లేదు, విడిపించే చెయ్యీ లేదు. గాలి దిశ కొంచెం మారినా కైట్ లేస్తుంది. మేకు ఊడితే, పూర్తి బలంతో ఉన్న కైట్ మేకుతో సహా తీరం మీద ఈడ్చుకుపోతుంది.

రెండోది, కైట్ అంచున ఉండగా బార్‌కు పైన ముందు లైన్‌ను చేత్తో అందుకుని లాక్కోవడం. రిలీజ్ నొక్కకుండానే కైట్ కూలుతుంది కాబట్టి చాలామందికి ఇది సులువనిపిస్తుంది. గాలి పెరిగితే చేతిలో ఉన్నది దారం కాదు, కత్తి. మూడోది, వెనక లైన్లు రెండింటినీ సమానంగా లాగి కైట్‌ను వెనక్కి నడిపించి నేల మీద కూర్చోబెట్టడం. కైట్ రకాన్ని బట్టి కుదురుతుంది, ఒక లైన్ కాస్త ఎక్కువ లాగితే గిర్రున తిరిగి దూకుతుంది.

ఈ మూడింటికీ ఫ్లాగ్ అవుట్‌కూ ఉన్న తేడా ఒకటే. వీటిలో దేనిలో తప్పు జరిగినా కైట్ మళ్లీ బలం పుంజుకుంటుంది. ఫ్లాగ్ అవుట్‌లో బలం ముందే పోయింది కాబట్టి, తప్పు జరిగినా సరిచేసుకునే వీలుంటుంది. ఒంటరి మనిషికి కావలసింది ఆ వీలే.

ఒడ్డే వద్దనుకునే రోజు

గాలి మరీ పెరిగినప్పుడు, తీరం జనంతో నిండినప్పుడు, ఒడ్డంతా రాళ్లున్నప్పుడు నేలమీదికి రాకుండా నీళ్లలోనే కైట్‌ను దించుకోవడం తెలివైన పని. పద్ధతి మొదట్లో అదే. రిలీజ్ నొక్కితే కైట్ నీటి మీద పడి ముడుచుకుంటుంది. తర్వాత ఫ్లాగ్ లైన్‌ను మాత్రమే ముందుగా కొంత మేర బార్‌కు చుట్టాలి. అది మిగతా లైన్లకన్నా పొట్టిగా ఉన్నంతవరకు కైట్‌కు బలం రాదు. ఆ చుట్టును ఒక ముడితో బిగించి, మిగతా లైన్లను కూడా చుట్టుకుంటూ కైట్‌ను చేరాలి. గాలి నింపిన గొట్టం తేలుతుంది, దాన్ని పట్టుకుని మనిషీ తేలవచ్చు. గాలి ఒడ్డువైపు ఉంటే రెక్క కొసలు పట్టుకుని తెరచాపగా వాడుకుంటూ తీరం చేరవచ్చు. దీన్ని సెల్ఫ్ రెస్క్యూ అంటారు. ఇది నేర్చుకోకుండా లోతు నీళ్లలోకి వెళ్లకూడదు.

మూడు మెట్లు

ఏ దశలోనైనా పని చెడితే గుర్తుంచుకోవలసినవి మూడే. మొదటి మెట్టు: బార్ వదలాలి. చాలాసార్లు ఇదొక్కటే చాలు. రెండో మెట్టు: అప్పటికీ లాగుతుంటే చికెన్ లూప్ రిలీజ్ నొక్కాలి. మూడో మెట్టు: కైట్ ఇంకా లాగుతుంటే, లైన్లు చిక్కుకుని ఈడ్చుకుపోతుంటే, లీష్‌ను కూడా విప్పి కైట్‌ను పూర్తిగా వదిలేయాలి. మూడో మెట్టు తర్వాత ఆ కైట్ ఎవరి అదుపులోనూ ఉండదు, గాలివాలున ఉన్నవాళ్లకు ప్రమాదం. ప్రాణం మీదికి వచ్చినప్పుడే ఆ మెట్టు. వచ్చినప్పుడు మాత్రం ఖరీదు గుర్తుకు రాకూడదు. లైన్లు ఒంటికి చుట్టుకుంటే కోసుకోవడానికి హార్నెస్‌కు చిన్న కొక్కెం కత్తి పెట్టుకోవడం మంచి అలవాటు.

ఈ మెట్లు ఎవరైనా ఒక్క నిమిషంలో కంఠస్థం చేస్తారు. కష్టం జ్ఞాపకానికి సంబంధించినది కాదు, సమయానికి సంబంధించినది. 'ఇంకొక్క క్షణం ఆగితే సర్దుకుంటుంది' అనిపిస్తుంది. విసురుగాలి ఆ క్షణం ఇవ్వదు. సందేహం కలిగినప్పుడే వదిలేయడం ఈ ఆటలో అసలు నిపుణత. ముందే వదిలినందుకు పోయేది తిరిగి లైన్లు సర్దుకునే సమయం మాత్రమే.

చూసేవాళ్ల బాధ్యత

తీరంలో ఆటగాళ్లు మాత్రమే ఉండరు. రామేశ్వరంలోనైనా గోవాలోనైనా, ఉద్యోగరీత్యా విదేశాల్లో స్థిరపడిన మనవాళ్లు పిల్లలతో వెళ్లే ఏ బీచ్‌లోనైనా ఈ రెక్కలు ఎదురుకావచ్చు. కైట్‌కూ మనిషికీ మధ్య నడవకండి. అక్కడ లైన్లు ఉంటాయి, కంటికి సరిగ్గా ఆనవు. గాలివాలున నిలబడి ఫొటోలు తీసుకోకండి. కనీసం 50 మీటర్ల దూరంలో, గాలి వచ్చేవైపు నిలబడి చూడండి. నేల మీద ఖాళీగా పడి ఉన్నట్టు కనిపించే కైట్‌ను పిల్లలు లేపడానికి ప్రయత్నించకుండా చూసుకోండి.

ఎవరైనా నెత్తిమీద తట్టుకుంటూ మీవైపు చూస్తే సాయం అడుగుతున్నారని అర్థం. ఈ పని మీకు రాకపోతే మొహమాటపడకుండా రెండు చేతులూ అడ్డంగా ఊపి రాదని చెప్పండి. తెలియని చేతులు కైట్‌ను తప్పుగా పట్టుకుంటే ఇద్దరికీ ప్రమాదం. మీరు రాదన్నందువల్ల ఆ మనిషికి నష్టమేమీ లేదు. శిక్షణ సరిగ్గా పొందిన ఆటగాడైతే దూరంగా ఖాళీ చోటుకు పోయి, తనంతట తాను దించుకుంటాడు. అందుకే కదా ఈ విద్య.

ఈ ఆట నేర్చుకోవాలనుకునే యువతకూ, వాళ్ల ఫీజు కట్టే తల్లిదండ్రులకూ ఒక మాట. శిక్షణ సంస్థను ఎంచుకునేటప్పుడు, మొదటిసారి నీటి మీద నిలబడేది ఎప్పుడని అందరూ అడుగుతారు. మీరు ఇంకో ప్రశ్న అడగండి: రిలీజ్ నొక్కడం ఎప్పుడు నేర్పుతారు, ఎన్నిసార్లు చేయిస్తారు, ఒంటరిగా దించడం పాఠంలో ఉందా లేదా? మొదటిరోజే, కైట్ గాల్లోకి లేవక ముందే నేర్పుతామని చెప్పే చోట చేరండి. ఎగరడం ఈ ఆటలో గాలి చేసే పని. దిగడం మనిషి చేసే పని. దిగడం వచ్చినవాళ్లే మర్నాడు కూడా ఎగరగలుగుతారు.